కరెంటు, సూక్ష్మజీవులు, కార్బన్ డయాక్సైడ్: కాలేజీ ల్యాబులో ఎసిటిక్ ఆమ్లం తయారీ మొదటి నుంచి చివరి దాకా

వరంగల్, హనుమకొండ, కరీంనగర్ వైపు కాలేజీల్లో ఫైనలియర్ ప్రాజెక్టు కోసం వెతుకుతున్న బయోటెక్, కెమిస్ట్రీ, కెమికల్ ఇంజనీరింగ్ పిల్లల కోసం, వాళ్లకు గైడ్‌గా ఉండే లెక్చరర్ల కోసం ఇది రాస్తున్నాను. కార్బన్ డయాక్సైడ్ మీద బతికే బ్యాక్టీరియాలు కొన్ని ఉన్నాయి. వాటికి కరెంటు ద్వారా ఎలక్ట్రాన్లు అందిస్తే ఆ వాయువును ఎసిటిక్ ఆమ్లంగా, అంటే వెనిగర్‌కు పులుపు ఇచ్చే పదార్థంగా మారుస్తాయి. వాటి పక్కనే ఉండే ఇంకో రకం జీవులు అదే వాయువుతో మీథేన్ చేస్తాయి. ఇలా కరెంటు ఇచ్చి సూక్ష్మజీవుల చేత పదార్థాలు చేయించడాన్ని మైక్రోబియల్ ఎలక్ట్రోసింథసిస్ అంటారు. 2009లో అమెరికాలోని పెన్ స్టేట్ యూనివర్సిటీలో బ్రూస్ లోగన్ బృందం మీథేన్ చేసి చూపించింది, 2010లో కెల్లీ నెవిన్, డెరెక్ లవ్లీ బృందం స్పోరోముసా ఒవాటా అనే బ్యాక్టీరియాను గ్రాఫైట్ మీద పెంచి ఎసిటేట్ (ఎసిటిక్ ఆమ్లం ద్రవంలో ఉండే రూపం) చేసింది. మన దగ్గర హైదరాబాద్ తార్నాకలోని ఐఐసీటీ (ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ కెమికల్ టెక్నాలజీ)లో కూడా సూక్ష్మజీవులకు, కరెంటుకు ఉన్న సంబంధం మీద చాలా ఏళ్లుగా పని జరుగుతోంది.

ఈ ప్రయోగానికి సీసా కట్టడం వారం పని. అందులో ఎసిటిక్ ఆమ్లం కనిపించడం కూడా పెద్ద కష్టం కాదు. ఆ ఆమ్లం మీరు పంపిన కరెంటు వల్లే, మీరు ఇచ్చిన కార్బన్ డయాక్సైడ్ నుంచే వచ్చిందని రుజువు చేయడం కష్టం, చాలా ప్రాజెక్టులు అక్కడే తేలిపోతాయి. అందుకే కింద ప్రతి మెట్టులోనూ ఎలక్ట్రాన్ల లెక్క గురించి మళ్లీ మళ్లీ చెప్తాను, విసుక్కోకండి.

ముందు లెక్క

రెండు కార్బన్ డయాక్సైడ్ అణువులు, ఎనిమిది ఎలక్ట్రాన్లు, ఎనిమిది ప్రోటాన్లు కలిస్తే ఒక ఎసిటిక్ ఆమ్లం అణువు, రెండు నీటి అణువులు వస్తాయి. ఒక మోల్ ఎలక్ట్రాన్లంటే 96,485 కూలంబులు (ఒక ఆంపియర్ కరెంటు ఒక సెకను పారితే ఒక కూలంబు). ఎసిటిక్ ఆమ్లం ఒక మోల్ 60 గ్రాములు కాబట్టి ఒక గ్రాముకు సుమారు 12,865 కూలంబులు కావాలి. 10 మిల్లీఆంపియర్ల కరెంటు రోజంతా పారితే 864 కూలంబులు. అంటే ఒక్క ఎలక్ట్రాన్ కూడా వృథా కాకపోయినా రోజుకు 67 మిల్లీగ్రాములు మించి రాదు. ఈ సంఖ్యను ల్యాబు నోటుబుక్కు మొదటి పేజీలో రాసి పెట్టుకోండి. రోజుకు 67 కంటే ఎక్కువ వస్తోందంటే సంతోషపడకండి, మిగిలింది వేరే ఎక్కడి నుంచో వస్తోందని అర్థం.

సామాను

రెండు గదులు కావాలి. ఒకదాంట్లో కాథోడ్ (బ్యాటరీ మైనస్‌కు కలిపేది), బ్యాక్టీరియా ఉండేది అక్కడే. రెండోదాంట్లో ఆనోడ్ (ప్లస్‌కు కలిపేది), అక్కడ నీరు విడిపోయి ఆక్సిజన్, ప్రోటాన్లు వస్తాయి. మధ్యలో కేషన్ ఎక్స్‌ఛేంజ్ మెంబ్రేన్, అంటే ప్లస్ ఆవేశం ఉన్న అయాన్లను మాత్రమే దాటనిచ్చే పలుచని పొర. డిపార్ట్‌మెంట్ కొనిస్తే గాజు హెచ్ సెల్ (H అక్షరంలా కలిపిన రెండు సీసాలు) కొనండి, అన్నిటికంటే అదే మేలు. కొనివ్వకపోతే మందపాటి ప్లాస్టిక్ డబ్బాలు రెండు తీసుకుని, పక్కన రంధ్రం చేసి ట్యాంక్ నిపిల్ బిగించి, రెంటి మధ్యా పీవీసీ యూనియన్ పెట్టండి. యూనియన్ విప్పితే మధ్యలో రబ్బరు వాషర్ కనబడుతుంది కదా, అక్కడ రెండు వాషర్ల మధ్య మెంబ్రేన్ ముక్క పెట్టి బిగిస్తే సరిపోతుంది. హనుమకొండ చౌరస్తా చుట్టుపక్కల ప్లంబింగ్ షాపుల్లో మెంబ్రేన్ తప్ప ఇవన్నీ దొరుకుతాయి. ప్లాస్టిక్ గోడల గుండా ఆక్సిజన్ కొద్దికొద్దిగా లోపలికి దూరుతుందని మాత్రం గుర్తుంచుకోండి, మన బ్యాక్టీరియాకు అది విషం.

లీకులు మూయడానికి ఎపాక్సీ వాడండి, ఎం-సీల్ లాంటిది. మామూలు సిలికాన్ సీలెంట్ వద్దు. ఆరేటప్పుడు వెనిగర్ వాసన వస్తుందే, అది నిజంగా ఎసిటిక్ ఆమ్లమే. అది మీ ద్రవంలో కలిసిందంటే బ్యాక్టీరియా ఏమీ చేయకముందే రీడింగ్ వచ్చేస్తుంది.

కాథోడ్‌కు కార్బన్ ఫెల్ట్ (కార్బన్ పోగులతో చేసిన దళసరి గుడ్డ లాంటిది) బాగుంటుంది. ఐదు సెంటీమీటర్లు వెడల్పు, పది పొడవున్న ముక్క చాలు. కొత్త ఫెల్ట్ నీళ్లను అంటనివ్వదు కాబట్టి ముందు ఆల్కహాల్‌లో ముంచి, తర్వాత సజల హైడ్రోక్లోరిక్ ఆమ్లంలో రాత్రంతా నానబెట్టి, డిస్టిల్డ్ వాటర్‌తో పీహెచ్ మామూలుకు వచ్చేదాకా కడగండి. కరెంటు తీసుకెళ్లడానికి టైటానియం తీగ గుచ్చండి. రాగి తీగ మాత్రం ద్రవాన్ని ఎక్కడా తాకకూడదు, రాగి కరిగితే బ్యాక్టీరియా చస్తుంది. ఆనోడ్‌కు మిక్స్‌డ్ మెటల్ ఆక్సైడ్ పూత ఉన్న టైటానియం మెష్ కొంటే ఏళ్ల తరబడి పనికొస్తుంది. పాత టార్చి బ్యాటరీలోని కార్బన్ కడ్డీ పెట్టినా నడుస్తుంది గానీ ఆనోడ్ వైపు అది మెల్లగా అరిగి నీళ్లు నల్లబడతాయి. స్టీలు చెంచాలు, మేకులు పెట్టకండి.

ఆనోడ్ గదిలో నింపేది సోడియం సల్ఫేట్ ద్రావణం, లీటరు డిస్టిల్డ్ వాటర్‌కు 14 గ్రాములు. ఉప్పునీళ్లు చవక కదా అని పోయొద్దు. ఉప్పులో క్లోరైడ్ ఉంటుంది, ఆనోడ్ దగ్గర అది క్లోరిన్ వాయువవుతుంది. మెంబ్రేన్‌ను ఉప్పునీటిలో నానబెట్టమని సెల్లర్ చెప్పి ఉంటే నానబెట్టండి, కానీ బిగించే ముందు డిస్టిల్డ్ వాటర్‌తో బాగా కడగండి.

బ్యాక్టీరియా ఎక్కడి నుంచి

కొనాల్సిన పని లేదు. గోబర్ గ్యాస్ ప్లాంటు నుంచి బయటికి వచ్చే ముద్ద, మురుగునీటి శుద్ధి కేంద్రం బురద, వడ్డేపల్లి చెరువు లాంటి చోట గట్టు దగ్గర తవ్వితే వచ్చే నల్లటి కుళ్లు వాసన మట్టి, వీటిలో ఏదైనా సరే. ఆక్సిజన్ లేని చోట ఉండే మట్టయితే చాలు. అంచుదాకా నింపి మూత బిగించి అదే రోజు ల్యాబుకు చేర్చండి.

గోబర్ గ్యాస్ ముద్దలో మీథేన్ చేసే జీవులు కోకొల్లలు. మీరు కరెంటుగా పంపే ఎలక్ట్రాన్లను అవే ముందు లాగేసుకుంటాయి. వాటిని ఆపడానికి రెండు దారులున్నాయి. ఒకటి వేడి: బట్టలో వడకట్టిన ముద్దను 90 డిగ్రీల వేడినీటి తొట్టిలో గంటసేపు ఉంచితే మీథేన్ జీవులు చాలావరకు పోతాయి, స్పోర్లు (వేడిని తట్టుకునే నిద్రాణ రూపాలు) కట్టే క్లాస్ట్రిడియం, స్పోరోముసా రకాలు మిగులుతాయి. రెండోది 2-బ్రోమోఈథేన్ సల్ఫోనేట్ అనే రసాయనం, లీటరుకు రెండు గ్రాముల పైచిలుకు సోడియం లవణం వేస్తే మీథేన్ తయారీ చివరి మెట్టు ఆగిపోతుంది. నేనైతే రెండోదే వేయమంటాను. ఎందుకంటే ఈ పనిలో ఎక్కువ కష్టపడే అసిటోబాక్టీరియం అనే రకం స్పోర్లు కట్టదు, వేడి చేస్తే ఎలక్ట్రాన్ల దొంగలైన మీథేన్ జీవులతో పాటు అది కూడా పోతుంది. రసాయనం దొరకనప్పుడే వేడి దారి పట్టండి, అప్పుడు కూడా కొంత ముద్దను వేడి చేయకుండా వేరే సీసాలో పెట్టి పోల్చి చూడండి.

ఇంకో సంగతి, ఇది చాలామంది వదిలేస్తారు. పేడ ముద్దలో గడ్డి, కొవ్వు, పీచు అన్నీ ఉంటాయి. అవి కుళ్లినా ఎసిటిక్ ఆమ్లమే వస్తుంది, కరెంటు లేకుండానే. అందుకని ముద్దను సెంట్రిఫ్యూజ్‌లో తిప్పి పైనీళ్లు పారబోసి, కొత్త ద్రవంలో కలిపి మళ్లీ తిప్పండి, ఇలా కొన్నిసార్లు చేయండి. సెంట్రిఫ్యూజ్ లేకపోతే నిలకడగా ఉంచి తేరిన నీళ్లు వంచేయండి. మిగిలిన తిండిని కూడా తినేసేలా మూతపెట్టి కొన్నాళ్లు పస్తు పెట్టండి.

ద్రవం కలపడం

లీటరు డిస్టిల్డ్ వాటర్‌కు సోడియం బైకార్బొనేట్ 4 గ్రాములు, పొటాషియం డైహైడ్రోజన్ ఫాస్ఫేట్ అర గ్రాము, అమ్మోనియం క్లోరైడ్ అర గ్రాము, మెగ్నీషియం క్లోరైడ్ 0.1 గ్రాము, కాల్షియం క్లోరైడ్ 0.05 గ్రాము. పైన ట్రేస్ మెటల్ ద్రావణం, విటమిన్ ద్రావణం కొద్దిగా. ట్రేస్ మెటల్స్‌లో ఇనుము, నికెల్, కోబాల్ట్, టంగ్‌స్టన్, సెలీనియం తప్పకుండా ఉండాలి. కార్బన్ డయాక్సైడ్‌ను ఎసిటేట్‌గా మార్చే ఉడ్-లుంగ్‌డాల్ మార్గంలోని ఎంజైములు ఈ లోహాల మీదే నడుస్తాయి, నికెల్, కోబాల్ట్ లేకపోతే ఎంత కరెంటు ఇచ్చినా ఫలితం శూన్యం. మెగ్నీషియం కోసం సల్ఫేట్ లవణం వాడకండి. సల్ఫేట్ ఎక్కువైతే దాన్ని పీల్చే బ్యాక్టీరియా పెరిగి ఎలక్ట్రాన్లు తినేసి కుళ్లిన గుడ్డు వాసన వదులుతుంది. ఈస్ట్ ఎక్స్‌ట్రాక్ట్ వేస్తే బ్యాక్టీరియా తొందరగా పెరుగుతుంది నిజమే, కానీ అదీ తిండే, దాని నుంచీ ఎసిటేట్ వస్తుంది. కావాలంటే మొదటి విడతలో వేసి, తర్వాత పూర్తిగా మానేయండి.

బోరు నీళ్లతో కానిచ్చేద్దామనుకోకండి. మన దగ్గర బోరు నీళ్లలో కాల్షియం ఎక్కువ, కాథోడ్ చుట్టూ పీహెచ్ పెరిగేసరికి ఫెల్ట్ మీద గీజర్ కాయిల్ మీద పట్టినట్టు సున్నం పట్టేస్తుంది. నల్లా నీళ్లలో క్లోరిన్ ఉంటుంది. డిస్టిల్డ్ వాటరే వాడండి.

కార్బన్ డయాక్సైడ్‌కు సిలిండర్ కావాలి. సోడా తయారుచేసే వాళ్ల దగ్గర తినే పదార్థాల్లో వాడే స్థాయి గ్యాస్ ఉంటుంది, మంటలార్పే సామాను నింపే షాపుల వాళ్లను కూడా అడగండి. సిలిండర్ దొరకకపోతే వంటసోడా మీద ఆమ్లం పోసి గ్యాస్ తీయొచ్చు, అయితే వెనిగర్ మాత్రం పోయకండి, దాని ఆవిరి మీ సీసాలోకి వస్తుంది. నిమ్మ ఉప్పు వాడి, వచ్చిన గ్యాస్‌ను నీళ్ల సీసా గుండా పంపి లోపలికి ఇవ్వండి.

కాథోడ్ గదిలో 250 మిల్లీలీటర్ల ద్రవం పోసి, కార్బన్ డయాక్సైడ్‌ను అరగంట బుడగలుగా పంపండి. ఆక్సిజన్ వెళ్లిపోతుంది, పీహెచ్ ఆరున్నర దగ్గర ఆగుతుంది. రెసాజురిన్ అనే రంగు చుక్క వేస్తే ఆక్సిజన్ ఉన్నంతసేపు గులాబీ రంగుంటుంది, పోయాక రంగు పోతుంది. చిన్న మొత్తంలో సోడియం సల్ఫైడ్ లాంటిది వేస్తే గానీ పూర్తిగా రంగు పోకపోవచ్చు. ఆ తర్వాతే కడిగిన ముద్ద 25 మిల్లీలీటర్లు వేయండి.

కరెంటు ఇవ్వడం

పొటెన్షియోస్టాట్ (ఎలక్ట్రోడ్ వోల్టేజీని ఒకే చోట నిలిపే పరికరం) ఉంటే కాథోడ్‌ను సిల్వర్-సిల్వర్ క్లోరైడ్ రిఫరెన్స్‌తో పోల్చి మైనస్ ఒక వోల్టు దగ్గర పెట్టండి. అది హైడ్రోజన్ స్కేలు మీద సుమారు మైనస్ 0.8. ఈ వోల్టేజీ దగ్గర కాథోడ్ మీద హైడ్రోజన్ కూడా పుడుతుంది, బ్యాక్టీరియా ఎక్కువ భాగం ఆ హైడ్రోజన్‌నే తింటుంది. ఎలక్ట్రాన్లను తీగ నుంచి నేరుగా ఎంత తీసుకుంటుందన్నది శాస్త్రవేత్తల మధ్య ఇంకా వాదన నడుస్తున్న విషయం. మీ రిపోర్టులో నేరుగా తీసుకుందని రాసేయకండి.

పొటెన్షియోస్టాట్ లేదా? 12 వోల్టుల బ్యాటరీ, ఒక రెసిస్టర్ చాలు. సెల్‌కు రెండున్నర నుంచి మూడు వోల్టులు పోతుంది, మిగతా తొమ్మిది పది వోల్టులు రెసిస్టర్ మీద పడుతుంది. 2.2 కిలో ఓమ్ పెడితే 4 మిల్లీఆంపియర్లకు కాస్త పైన, 1 కిలో ఓమ్ పెడితే 9 నుంచి 10 దాకా పారుతుంది. సెల్ వోల్టేజీ కాస్త అటూ ఇటూ అయినా కరెంటు పెద్దగా మారదు. రెసిస్టర్ రెండు చివర్ల మధ్య మల్టీమీటర్ పెట్టి వచ్చిన వోల్టులను ఓమ్‌లతో భాగిస్తే కరెంటు తెలిసిపోతుంది. బ్యాటరీ మైనస్ ఫెల్ట్‌కు, ప్లస్ ఆనోడ్‌కు. తారుమారైతే ఫెల్ట్ మీదే ఆక్సిజన్ పుట్టి పెరిగిందంతా చస్తుంది, కాబట్టి తీగలకు రంగు టేపు చుట్టండి.

మొదటి రెండు వారాలు 2.2 కిలో ఓమ్‌తోనే ఉండండి. ఆ తర్వాత 1 కిలో ఓమ్‌కు మారండి. గోడ ప్లగ్గు నుంచి అడాప్టర్ పెడితే కరెంటు పోయినప్పుడల్లా టెన్షన్. 10 మిల్లీఆంపియర్లంటే రోజుకు పావు ఆంపియర్-అవర్ కూడా కాదు, 7 ఆంపియర్-అవర్ల చిన్న బ్యాటరీ, డాబా మీద ఒక చిన్న సోలార్ ప్యానల్, ఛార్జ్ కంట్రోలర్ పెడితే మూడు నాలుగు సెల్‌లు హాయిగా నడుస్తాయి.

గ్యాస్ బయటికి పోయే దారి రెండు గదులకూ విడివిడిగా పెట్టండి. కాథోడ్ వైపు హైడ్రోజన్, మీథేన్ వస్తాయి, 10 మిల్లీఆంపియర్ల దగ్గర హైడ్రోజన్ ఒక్కటే రోజుకు నూరు మిల్లీలీటర్లు దాటొచ్చు. ట్యూబు చివర నీళ్లలో ముంచి అక్కడి నుంచి కిటికీ బయటికి తీయండి. ఆ టేబుల్ దగ్గర బర్నర్ వెలిగించకూడదు.

వేడి

30 నుంచి 35 డిగ్రీలు దీనికి ఇష్టం. మన వైపు మే నెలలో డాబా కింది గది 40 దాటుతుంది, అప్పుడు మొదలుపెడితే అంతా పాడవుతుంది. జూలైలో మొదలుపెట్టి ఫిబ్రవరికి ముగించేలా ప్లాన్ చేసుకోండి. డిసెంబరు రాత్రుల చలికి నీళ్ల టబ్బులో అక్వేరియం హీటర్ వేసి సెల్‌లను అందులో నిలబెట్టండి.

జత సీసాలు

ఒకే సెల్ నడిపితే ఏమీ రుజువు కాదు. కనీసం మూడు కావాలి. ఒకటి అసలుది. రెండోది అన్నీ ఒకేలా ఉండి కరెంటు మాత్రం ఇవ్వనిది. మూడోదాంట్లో కరెంటు, ద్రవం, ఫెల్ట్ ఉంటాయి, ముద్ద ఉండదు, స్టెరిలైజ్ చేసి ఉంటుంది. రెండోదాంట్లో వచ్చే ఎసిటేట్ పేడ మిగులు నుంచి, మూడోదాంట్లో వచ్చేది జిగురు నుంచో సీసా నుంచో వచ్చినట్టు. ఆ రెంటినీ తీసేశాక మిగిలిందే మీది. పాయింట్లు ఇచ్చే ఎగ్జామినర్ అడిగినా అడగకపోయినా ఈ రెండు సీసాలు పెట్టండి. ఇంకా గట్టి రుజువు కావాలంటే కార్బన్-13 ఉన్న బైకార్బొనేట్ ఇచ్చి ఎసిటేట్‌లో ఆ కార్బన్ కనబడుతుందా చూడాలి, అది ఖర్చుతో కూడిన పని, పీహెచ్‌డీ స్థాయిలో చూసుకోవచ్చు.

నడిపించడం, కొలవడం

మొదటి కొన్ని వారాలు ఏమీ జరగనట్టే ఉంటుంది. బ్యాక్టీరియా ఫెల్ట్ పోగుల మీద పొర కట్టడానికి ఆ టైం పడుతుంది. ఆ రోజుల్లో రోజూ సెల్ వోల్టేజీ, రెసిస్టర్ వోల్టేజీ, పీహెచ్, గది వేడి రాసుకోండి. కార్బన్ డయాక్సైడ్ రోజూ కొంతసేపు పంపండి. పీహెచ్ ఏడున్నర దాటుతుంటే గ్యాస్ తక్కువవుతోందని అర్థం. వారానికోసారి ఫెల్ట్‌ను కదపకుండా సగానికి పైగా ద్రవం తీసేసి కొత్తది పోయండి. పేడ మిగులు ఇలాగే కడిగినట్టు పోతుంది, పొరలో పట్టుకుని ఉన్నవే మిగులుతాయి. ఈ మార్పిళ్లు కొన్ని అయ్యాక వచ్చే ఎసిటేట్‌కే విలువ ఇవ్వండి, మొదటి వారం రీడింగ్‌ను గ్రాఫులో వేసి చూపించకండి.

మూడు రోజులకోసారి 2 మిల్లీలీటర్లు తీసి 0.22 మైక్రాన్ ఫిల్టర్ గుండా పంపి ఫ్రీజర్‌లో పెట్టండి. అన్నీ కలిపి ఒకేసారి హెచ్‌పీఎల్‌సీ (ద్రవంలో ఏ పదార్థం ఎంతుందో కొలిచే మెషీన్ పరీక్ష) చేయించుకుంటే డబ్బు కలిసొస్తుంది. మీ కాలేజీలో మెషీన్ లేకపోతే కాకతీయ యూనివర్సిటీలోనో, వరంగల్ ఎన్ఐటీలోనో వాడుకోవడానికి వీలుందేమో మీ గైడ్‌తో అడిగించండి. పీహెచ్ తగ్గింది కాబట్టి ఆమ్లం వచ్చిందనుకోవద్దు, కార్బన్ డయాక్సైడ్ ఎక్కువ పంపినా పీహెచ్ తగ్గుతుంది.

ఇప్పుడు లెక్క కట్టండి. ఉదాహరణకు 250 మిల్లీలీటర్ల ద్రవంలో ఏడు రోజుల్లో ఎసిటిక్ ఆమ్లం లీటరుకు 0.2 గ్రాముల నుంచి 1 గ్రాముకు పెరిగిందనుకుందాం. అంటే 0.2 గ్రాములు తయారైంది. 10 మిల్లీఆంపియర్లు ఏడు రోజులకు 6,048 కూలంబులు, దాంతో రాగలిగేది 0.47 గ్రాములు. కాబట్టి మీ కూలంబిక్ ఎఫిషియన్సీ, అంటే పంపిన ఎలక్ట్రాన్లలో ఆమ్లంగా మారిన వాటా, సుమారు 43 శాతం. మిగతా 57 శాతం ఎక్కడికి పోయింది? హైడ్రోజన్‌గా బయటికి పోయుండొచ్చు, మీథేన్ అయ్యుండొచ్చు, మెంబ్రేన్ దాటి వచ్చిన ఆక్సిజన్‌తో కలిసి నీరైపోయుండొచ్చు, కొంత బ్యాక్టీరియా ఒంట్లోకి పోతుంది. గ్యాస్‌ను సంచిలో పట్టి గ్యాస్ క్రొమటోగ్రాఫ్‌లో చూస్తే మొదటి రెండూ తేలిపోతాయి. హైడ్రోజన్ ఎక్కువుంటే కరెంటు తగ్గించండి, బ్యాక్టీరియా ఇంకా అంత తినలేకపోతోంది. మీథేన్ ఉంటే బ్రోమోఈథేన్ సల్ఫోనేట్ మళ్లీ వేయండి.

ఇది దేనికి పనికొస్తుంది

కరెంటు ఎక్కడిదన్న దాని మీద అంతా ఉంది. కిలో ఎసిటిక్ ఆమ్లంలో దాదాపు కిలోన్నర కార్బన్ డయాక్సైడ్ ఇముడుతుంది. 3 వోల్టుల సెల్‌లో, ఎలక్ట్రాన్లు ఒక్కటీ పోకుండా చేసినా దానికి దాదాపు 11 యూనిట్ల కరెంటు కావాలి. బొగ్గుతో తయారైన ఒక్కో యూనిట్‌కు దాదాపు కిలో కార్బన్ డయాక్సైడ్ గాల్లోకి పోతుంది. రామగుండంలోనో చెల్పూరులోనో బొగ్గు కాల్చి తీసిన కరెంటుతో ఈ సెల్ నడిపితే కిలోన్నర పట్టుకోవడానికి పది కిలోలు వదిలినట్టు. ఈ లెక్క చెప్పకుండా పర్యావరణానికి మేలు అని రాసే పోస్టర్లు చూస్తే నాకు బాధేస్తుంది. ఎండ కరెంటుతో నడిపితేనే దీనికి అర్థం ఉంది, రామగుండం ఎన్టీపీసీ రిజర్వాయర్ మీద 2022 నుంచి 100 మెగావాట్ల తేలే సోలార్ ప్లాంటు నడుస్తోంది కూడా. మన రెసిస్టర్ పద్ధతిలో బ్యాటరీ శక్తిలో నాలుగింట మూడు వంతుల పైన రెసిస్టర్‌లోనే వేడిగా పోతుంది, నేర్చుకోవడానికి పర్వాలేదు గానీ పెద్ద సెల్‌కు డీసీ కన్వర్టర్ తప్పనిసరి.

మన పల్లెలకు దగ్గరగా ఉండే వాడకం నా దృష్టిలో మీథేనే. గోబర్ గ్యాస్‌లో మూడో వంతుకు పైగా కార్బన్ డయాక్సైడే ఉంటుంది, అది మండదు. పగటిపూట సోలార్ కరెంటుతో ఆ భాగాన్ని కూడా మీథేన్ చేయగలిగితే అదే పేడతో పొయ్యి ఇంకా ఎక్కువసేపు వెలుగుతుంది. దానికి పైన చెప్పినదంతా అలాగే చేయండి, ముద్దను వేడి చేయకండి, బ్రోమోఈథేన్ సల్ఫోనేట్ వేయకండి, పీహెచ్ ఏడు దగ్గర ఉంచండి. మీథేన్‌కు కూడా ఎనిమిది ఎలక్ట్రాన్లే, 10 మిల్లీఆంపియర్లకు రోజుకు 27 మిల్లీలీటర్ల దాకా రావొచ్చు. గ్యాస్‌ను సంచిలో పట్టి కొలవాలి. ఎసిటిక్ ఆమ్లం కంటే మొదటిసారి చేసేవాళ్లకు ఇదే తేలిక, బ్యాక్టీరియాతో పోట్లాడే పని ఉండదు.

సెలవులకు ఆపాలనుకుంటే ఫెల్ట్‌ను బయటికి తీసి ఆరబెట్టొద్దు. కార్బన్ డయాక్సైడ్ నింపిన కొత్త ద్రవంలో మూత బిగించి చల్లని చోట పెట్టండి. తిరిగొచ్చాక 2.2 కిలో ఓమ్‌తో మళ్లీ మొదలుపెడితే కొత్త పొర కట్టే టైం మిగులుతుంది. బ్రోమోఈథేన్ సల్ఫోనేట్ కలిసిన పాత ద్రవాన్ని కాలువలో పోయకుండా ల్యాబు రసాయన వ్యర్థాల డబ్బాలో వేయండి.